పన్నెండో మోత

1962లో నన్ను సండూరు కొండల్లో, చోరనూరుకు దగ్గరగా ఉన్న ఒక మాంగనీసు గనికి అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. గని పేరు ఇక్కడ అవసరం లేదు. నా పైన మేనేజరు, నా కింద మేట్ తిప్పేస్వామి, అతని కింద కూలీలు. రాయి పేల్చే పని మాత్రం బ్లాస్టర్ హనుమంతప్పది. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి, నిదానస్తుడు. నాకు మొదటినుంచీ ముక్కుమీద కోపం. నా కేకలకు అందరూ బెదిరేవాళ్లు గానీ అతను మాత్రం తలూపి తన పని తాను చేసుకుపోయేవాడు.

పేల్చే పద్ధతి చెప్పాలి. రాతిలో వరసగా రంధ్రాలు వేసి, మందు కడ్డీలు దించి, పైన బంకమట్టి దట్టించి, వత్తులు అంటించి దూరంగా ఉన్న రేకుల షెడ్డుకు వచ్చేస్తారు. అక్కడ నిలబడి మోతలు లెక్కపెట్టాలి. ఒక్క మోత తగ్గినా ఒక రంధ్రంలో మందు ప్రాణంతో ఉన్నట్టే లెక్క. అరగంటదాకా ఎవరూ అటు వెళ్లకూడదు. ఆ తర్వాత కూడా పాత రంధ్రం జోలికి పోకుండా, అడుగు దూరంలో కొత్తది వేసి దాన్ని పేల్చాలి. అప్పుడు పాతది కూడా పోతుంది.

నేను చేరిన తొలి వారంలో రెండుసార్లు మోత తగ్గింది. రెండుసార్లూ తిప్పేస్వామి, "రెండు ఒకటేసారి పేలినాయి సార్" అన్నాడు. అలా జరగడం కద్దు. కానీ నాకు నమ్మకం కుదరలేదు. మూడోసారి రంధ్రాలు నింపుతుంటే నేనే వెళ్లి హనుమంతప్ప పక్కన కూర్చున్నాను. పన్నెండు రంధ్రాలు. ప్రతిదానిలో మందు దిగడం, మట్టి దట్టించడం కళ్లారా చూశాను. ఆ సమయంలో తిప్పేస్వామి కింద దారిలో ఎర్రజెండాలు పెట్టించి మనుషుల్ని తప్పిస్తున్నాడు. రంధ్రాలు వేసే ఓబులేసు కూడా అతనితోనే ఉన్నాడు.

వత్తులు అంటించి అందరం షెడ్డు చేరాం. లెక్కపెట్టాం. పదకొండు.

"రెండు ఒకటేసారి పేలినాయి సార్" అన్నాడు తిప్పేస్వామి అలవాటుగా.

"లేదు సార్, ఒకటి మిగిలిపోయింది" అన్నాడు హనుమంతప్ప.

తిప్పేస్వామి అతనివైపు ఆశ్చర్యంగా చూసి, వెంటనే నవ్వు ఆపుకున్నాడు. ఆ నవ్వు నాకు అర్థం కాక పళ్లు నూరాను. అరగంట ఆగమన్నాను. ఓబులేసు తీరిగ్గా బీడీ కాల్చుకున్నాడు. అతని ముఖంలో భయం మచ్చుకైనా లేదు. హనుమంతప్ప చొక్కా మాత్రం చెమటకు తడిసిపోయింది.

గడువు తీరాక మేం వెళ్లి చూశాం. పేలని రంధ్రం ఒక చివర ఉంది. దానికి అడుగు దూరంలో నేనే సుద్దతో గీత గీసి, అక్కడ కొత్తది వేయమని ఓబులేసుకు చెప్పి, మిగతా ఇద్దరితో షెడ్డుకు వచ్చాను. అంత దూరంనుంచి చూస్తే గీతా రంధ్రమూ నా కంటికి ఒకేచోట ఉన్నట్టున్నాయి. హనుమంతప్ప కంటికి అలా లేవు.

"ఓబులేసా, గీత కాడ పెట్టప్పా ఉలి!" అని కేకేశాడు.

ఓబులేసు నవ్వుతూ చెయ్యి ఊపాడు. "వానికి తెలుసులే సార్, ఈయప్ప ఊరికే భయపడతాండాడు" అన్నాడు తిప్పేస్వామి నాతో.

హనుమంతప్ప ఒకసారి నావైపు చూశాడు, ఒకసారి తిప్పేస్వామివైపు చూశాడు. అక్కడ ఓబులేసు ఉలి నిలబెట్టి సమ్మెట పైకెత్తాడు.

"బ్యాడ, ఓబులేసా! కొట్టబ్యాడ! ఈ పొద్దు ఉత్త బొక్క కాదు! దినామూ మిగిల్చుకుంటా ఉంటి, ఈ పొద్దు నిజంగా మందు పెట్నా! సార్ పక్కనే ఉండాడు, అన్నిట్లో పెట్నా!"

సమ్మెట గాల్లో ఆగింది. ఓబులేసు దాన్ని మెల్లగా నేలమీద పెట్టి, అక్కడే కూలబడ్డాడు. తిప్పేస్వామి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఓబులేసు ఉలి పెట్టింది నా గీతమీద కాదు, ఆ రంధ్రంలోనే. ఉత్త రంధ్రమే అనుకున్నాక, మట్టి తోడేస్తే సరిపోయేదానికి గట్టి రాయి కొట్టడం ఎందుకనుకున్నాడు. అంతకుముందు ప్రతిసారీ అలాగే చేశాడట.

ఓబులేసును పంపేసి, కొత్త రంధ్రం హనుమంతప్పే గీతమీద వేశాడు. రెండూ కలిసి పేలినప్పుడు షెడ్డు రేకులు అదిరాయి.

తర్వాత అతను నాకు అంతా చెప్పాడు. చోరనూరులో బావమరిది బావి తవ్వుతుంటే అడుగున బండ పడింది. మందుకు లైసెన్సు కావాలని బళ్లారి ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగినా పని కాలేదు. ఒక రంధ్రం ఖాళీగా వదిలి, ఆ కడ్డీలు ఇతను ఇచ్చాడు. తర్వాత పక్క చేనువాళ్లు అడిగారు, ఆ తర్వాత తిప్పేస్వామే తన బావికి అడిగాడు. కాదంటే మొదటిది బయటపెడతామని ఎవరూ బెదిరించలేదు. ఆ మాట అనకుండానే అతనికి అర్థమైంది.

"సార్, రాయబ్యాడండి. నా పిల్లోల్ల గతి ఏంది?" అని అడిగాడు. నాకు చాలా బాధ కలిగింది, దాచను. కానీ ఆ కడ్డీలు ఊళ్లో ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి. నేను మేనేజరుకు రాసి ఇచ్చాను, ఆయన పోలీసులకు పంపాడు. వాళ్లు వెతికితే జొన్నల గాదెల పక్కన, పిల్లలు పడుకునే గదుల్లో కడ్డీలు దొరికాయి.

బళ్లారి కోర్టులో అతనిమీద గట్టి సాక్ష్యం అతని కేకే. దాన్ని అక్షరం పొల్లుపోకుండా నాచేత చెప్పించారు. ఇళ్లలో కడ్డీలు దొరికినవాళ్లంతా హనుమంతప్ప పేరే చెప్పారు. తిప్పేస్వామి బావి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, కళ్లతో చూసింది మాత్రమే చెప్పమన్నారు. తిప్పేస్వామి తనకేమీ తెలియదన్నాడు. ఓబులేసు కూడా బోనెక్కి, హనుమంతప్పవైపు చూడకుండా, "నాకేం తెలీదు స్వామీ, ఆయప్ప ఎందుకు అరిచినాడో ఏమో" అన్నాడు. ఈ సాక్షిని ఏమైనా అడుగుతావా అని మేజిస్ట్రేటు హనుమంతప్పను అడిగాడు.

"అడిగేదేం లేదు స్వామీ" అన్నాడతను. "మనిషి బతికుండాడు గదా."

జైలుశిక్ష పడింది. సర్టిఫికెట్ రద్దయింది.

ఆ తర్వాత చాలా గనుల్లో పనిచేశాను. మోత తగ్గినప్పుడల్లా నేను మొదట రాతివైపు కాదు, పక్కనున్న మనుషుల ముఖాలు చూసేవాణ్ణి. వాళ్లు భయపడుతుంటే పని పద్ధతి ప్రకారం నడుస్తున్నట్టు. నిబ్బరంగా బీడీ కాల్చుకుంటుంటే, పని ఆపించి ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి అడిగేవాణ్ణి.