ఈరన్న తెచ్చే చెవులు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కాలేజీలో లాజిక్ చదివి సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఆ క్లాసుకు తగ్గ నమ్మకాలే పెట్టుకున్నాను. ఇప్పటికీ శ్మశానం పక్కగా నడవమంటే నడుస్తాను, కాకపోతే కొంచెం త్వరగా. ఇది దయ్యం సంగతి కూడా కాదు. దయ్యమే అయితే తప్పంతా దాని మీద వేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

అరవైల మొదట్లో మాట. నేను అనంతపురంలో బి.ఏ. చదువుతున్నాను. మాది మడకశిర పక్కన పల్లె. వేసవి సెలవులకు ఊరికి బయలుదేరే ముందు, పాత పేపర్ల అంగడిలో అట్ట చినిగిపోయిన అమెరికా బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. నిండా ఆకుపచ్చ మొహాల శవాలు, సమాధుల్లోంచి పైకి లేచే చేతులు, బావిలోంచి పాకి వచ్చే బురద రాక్షసుడు. తప్పు చేసినవాణ్ణి ప్రతి కథ చివరా ఏదో ఒకటి వచ్చి పట్టుకుంటుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది పున్నమికి తోడేలుగా మారే మనిషి కథ. మొదటి బొమ్మలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉంటాడు. రెండో దాంట్లో గుండీలు తెగి ఎగురుతుంటాయి. మూడో దాంట్లో చేతుల నిండా వెంట్రుకలు, మూతి ముందుకు సాగి ఉంటుంది. నాలుగో దాంట్లో మనిషి లేడు.

ఆ ఏడు కూడా వాన లేదు. పని లేని జనం మధ్యాహ్నాలు మా అరుగు మీద చేరేవాళ్లు. నేను పుస్తకం విప్పి, బొమ్మలు చూపిస్తూ, గొంతులు మార్చి కథ చెప్పేవాణ్ణి. చదువుకున్నవాడి వల్ల ఊరికి కలిగిన మేలు ఆ నెలలో అదొక్కటే.

వినేవాళ్లలో ఈరన్న ఒకడు. ఊరందరి గొర్రెలూ కలిపి మేపేవాడు. యాభై ఏళ్లుంటాయి. ఎండ మండే వేళకు మందను చింతల నీడన నిలిపి, మా ఇంట మజ్జిగ తాగడానికి వచ్చేవాడు. కనుబొమలు రెండూ ముక్కు పైన కలిసిపోయి ఒకటే గీతలా ఉండేవి.

మా వైపు ప్రతి ఇంటి గొర్రెలకూ చెవి మీద ఒక గుర్తు కోస్తారు. ఒకరిది కొనకు గాటు, ఒకరిది అంచున రెండు గాట్లు, మాది చిన్న బెజ్జం. గొర్రెను తోడేలు ఎత్తుకుపోతే, కాపరి ఈడ్చిన జాడ పట్టుకుని గుట్టల్లోకి పోయి, మిగిలిన దాంట్లోంచి చెవి కోసి తెచ్చి యజమాని చేతిలో పెట్టాలి. చెవి లేకపోతే కాపరే అమ్ముకున్నాడని లెక్క. ఇరవై ఏళ్లలో ఈరన్న ఒక్కసారి కూడా చెవి లేకుండా రాలేదు.

ఒకరోజు ఆ తోడేలు మనిషి కథ మధ్యలో ఈరన్న ఎదురుగా కనిపించాడు. నాకు నోరాగలేదు. "ఇట్లాటోళ్లను గుర్తు పట్టేదానికి ఒకటే ఉపాయం. కనుబొమలు రెండూ కలిసి ఉంటాయంట" అన్నాను. పుస్తకంలో ఆ ముక్క లేదు.

"అట్లయితే మన ఈరన్నే!" అంది పక్కింటి రామక్క. అందరూ విరగబడి నవ్వారు. ఈరన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"పున్నమి ఎప్పుడో చెప్పప్పా, ఆ పొద్దు సంగటి మానుకుంటా" అన్నాడు.

ఆ పున్నమి వెళ్లిన రెండు రోజులకు రామక్క గొర్రెపిల్లను తోడేలు ఎత్తుకుపోయింది. ఈరన్న మామూలుగానే చెవి తెచ్చి ఇచ్చాడు. రామక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒళ్లంతా తిని చెవొకటి మిగిల్చే తోడేలు యాడుంటాది ఈరన్నా? ప్రతిసారీ నీకే ఎట్ల దొరుకుతాది?"

సాయంత్రానికల్లా ఊరంతా అదే ప్రశ్న. ఇరవై ఏళ్లుగా అతని నిజాయితీకి సాక్ష్యం చెప్పిన చెవులన్నీ ఒక్క పూటలో అతనికి ఎదురు సాక్షులయ్యాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి తమ గొర్రెలను మందలోంచి వేరు చేసి తోలుకుపోయారు. మా నాయన కూడా.

కనుబొమల మాట నేను కల్పించిందని నాయనతో చెప్పాను. "పుస్తకంలో లేనిది నీకెట్ల తెలిసినాదిరా?" అన్నాడు. చదువుకున్నవాడు సొంతంగా అబద్ధమాడతాడని ఆయన ఊహించలేకపోయాడు. రామక్కకూ చెప్పాను. "ఈరన్నకు భయపడి మాట మారుస్తాండావు" అంది. మూడో మనిషికి చెప్పేటప్పుడు నేనే సగం నవ్వుతున్నాను. నాలుగో మనిషికి చెప్పలేదు.

ఈరన్న కంబళి భుజాన వేసుకుని, కన్నడ సీమలో ఉన్న కూతురి ఊరికి బస్సెక్కి పోయాడు. మా ఇంటి ముందు నుంచే నడిచిపోయాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

రామక్క తమ్ముడు కొత్త కాపరి. వారం తిరక్కముందే ఒక పొద్దున నేను తలుపు తీసేసరికి అరుగు మీద గొర్రెపిల్ల చెవి ఉంది. కత్తితో కోసింది, అంచు నున్నగా ఉంది. రామక్క ఇంటి గాట్లు. మంద మీద తోడేలు పడిందని ఆమె తమ్ముడు చెప్పుకుంటూ వచ్చింది ఆ తర్వాత రెండు గంటలకు. ఎంత వెదికినా జాడ దొరకలేదన్నాడు.

రెండో చెవి ఇంకొకరిది. అదీ మా అరుగు మీదే.

మూడోసారి నేను అరుగు మీదే కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. బాగా తెల్లవారింది. చెంబు కోసం లోపలికి పోయి వచ్చేసరికి నేను కూర్చున్న చోట చెవి ఉంది. వీధి రెండు దిక్కులా ఖాళీ. చెవికి చిన్న బెజ్జం ఉంది.

మూడింటినీ పెరట్లో పాతిపెట్టాను. బయటపెడితే ఈరన్న తోడేలై వస్తున్నాడని కట్టెలు పట్టుకుని బయలుదేరతారు. పెట్టకపోతే కొత్త కాపరి దొంగవుతాడు. అయ్యాడు. రామక్క సొంత తమ్ముణ్ణి వీధిలో నిలబెట్టి చెంప మీద కొట్టింది. అదీ చూస్తూ ఊరుకున్నాను. ఆ వేసవిలో ఊరుకోవడం నాకు బాగా అలవాటైంది.

సెలవులు అయిపోయే ముందు ఈరన్న కూతురి ఊరికి పోయాను. తప్పు నాదని ఒప్పుకుని, ఊరి ముందు అదే మాట చెప్పి, అతన్ని వెనక్కి తీసుకురావాలని. బస్సులో ఆ వాక్యాన్ని చాలాసార్లు దిద్దుకున్నాను.

ఈరన్న నులక మంచం మీద ఉన్నాడు. "బస్సు దిగతానే పడినాడన్నా, తుంటి విరిగింది. ఆ పొద్దు నుంచి మంచం దిగిందే లేదు. పక్కకు తిప్పాలన్నా మేమే" అంది కూతురు. కాళ్లు చూశాను. దుప్పటి కింద కట్టెపుల్లల్లా ఉన్నాయి.

నేను నోరు తెరిచేలోపల అతనే అడిగాడు.

"ఎన్ని పోయినాయప్పా?"

"మూడు."

"చెవులు చేరినాయా?"

చెవుల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

"చేరినాయి" అన్నాను. ఈరన్న పని ముగించుకున్నవాడిలా కళ్లు మూసుకున్నాడు. ఆ కార్తీకంలో పోయాడని తర్వాత తెలిసింది.

అతనికి ఎలా తెలుసో, ఆ చెవులు ఎవరు కోశారో ఈనాటికీ నాకు తెలియదు. లాజిక్‌తో చాలాసార్లు ప్రయత్నించాను. నిజానికి ఇంకొకటి కూడా నాకు అంతుపట్టలేదు. అన్నీ తెలిసిన ఆ మనిషి మంచం పక్కన ఇంకో గంటసేపు కూర్చున్నాను. ఆ గంటంతా వాన ఎప్పుడు పడుతుందో మాట్లాడి, బస్సుకు వేళయిందని లేచి వచ్చేశాను.