జమ్మలమడుగులో ఎవరూ నవ్వని నాటకం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది కడప జిల్లాలోని ఒక రేడియో కేంద్రంలో ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. కార్యక్రమాన్ని ఎంచడం నుంచి ప్రసారం దాకా బాధ్యత వహించే ఉద్యోగం అది. ఆ వేసవిలో నాకు అప్పగించింది శ్రవణ సభలు. రికార్డులోని సంగీతాన్ని జనం మధ్య వినిపించి, వాళ్ల స్పందనతో సహా ప్రసారం చేయాలి. నేను ఎంచుకున్నది ఇటలీ వాళ్ల పాత హాస్య సంగీత నాటకం. పెళ్లి మోజులో పడ్డ ముసలి షావుకారును ఇంటి పనివాడు బోల్తా కొట్టించే కథ, అంతా పాటల్లోనే నడుస్తుంది.

మొదటి సభ జమ్మలమడుగులో. అది కుదిరితేనే ప్రొద్దుటూరు, పులివెందుల. స్టేషన్ డైరెక్టర్ గారు వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. ఆయన జారీ చేసిన నిబంధన ప్రకారం ముందుగా ప్రకటన చదివాను: పాట సాగినంతసేపు అందరూ నిశ్శబ్దం పాటించాలి. ప్రతి రంగానికీ ముందు కథ తెలుగులో చెప్పి పాట వినిపించాను. షావుకారు తన పడుచుదనాన్ని పొగుడుకుంటూ ఊపిరందక ఆగిపోయే పాట వచ్చింది. ఎన్నిసార్లు విన్నా నాకు నవ్వాగదు. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. జనం వైపు పెట్టిన మైకులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

విరామంలో డైరెక్టర్ గారు మిగతా రెండు సభలూ రద్దు చేద్దామన్నారు. ఆయన ఆ మాట అంటుండగానే ముందు వరుసలోంచి ఓబులేసు అనే గొర్రెల కాపరి, పెద్దవాడు, లేచి మా దగ్గరికొచ్చాడు.

"ఇంగ నగొచ్చునా అప్పా? కడుపు నొప్పి పుడతాంది."

ఇంతసేపూ ఎందుకు నవ్వలేదని అడిగాను.

"నువ్వేగదప్పా గమ్మునుండమంటివి! మా ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కోని కూచున్యారు. మా నాటకాల్లో అయితే ఆ ముసలోనికి ఈపాటికి వన్స్ మోర్ కొడుతుంటిమి."

డైరెక్టర్ గారు ప్రకటన ఉపసంహరించి ఆ పాట మళ్లీ వెయ్యమన్నారు. వేశాను. ఈలలతో, నవ్వులతో హాలు దద్దరిల్లింది. పాట ముగిసిందో లేదో వన్స్ మోర్ అన్నారు. మళ్లీ వేశాను. ఇంకోసారి అదే కేక, ఈసారి వెనక వరుస నుంచి. తిరిగి చూస్తే డైరెక్టర్ గారు!

తక్కిన రెండు ఊళ్లలో ఆ ప్రకటన చదవలేదు. కొత్త సంగీతాన్ని జనం దగ్గరికి తీసుకెళ్లేవాడు ఎలా వినాలో వాళ్లకు చెప్పే ముందు, వాళ్లు ఎలా వింటారో అడిగి తెలుసుకోవాలి.