నాటకాల రాణి

సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కించే మనిషికి కాలి దగ్గరున్న స్టూలు కనపడదంటే ఎవరు నమ్ముతారు? అన్న అసలే నమ్మలేదు. చిన్నప్పుడే చెల్లెలికి నాటకాల రాణి అని పేరు పెట్టాడు. ఆమె కుడికాలు ముందుకు జరిపి గడపని తడుముకునే తీరును, నలుగురు చేరినప్పుడల్లా చేసి చూపించి నవ్వించేవాడు. ఆ మహానుభావుడు ఇప్పుడు స్కూలు బస్సు డ్రైవరు. కళ్లు ఎప్పుడూ నెత్తిమీదే.

ఆమె టైలరింగు షాపులో బట్ట కత్తిరిస్తుంది. ఆమె చూపు నడిమధ్యన అద్దంలా ఉంటుంది, చుట్టూరా ఏమీ ఉండదు. ఆ నడిమి ముక్క కూడా ఏటేటా చిన్నదవుతోంది. సుద్దగీత మీద కత్తెర వెంట్రుకవాసి తప్పదు గానీ, పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు మాత్రం రోజూ దొర్లుతుంది. "గ్లాసు ఇక్కడెవరు పెట్టారు?" అన్నది ఆమె ఊతపదం. నాన్నకీ ఇదే జబ్బు. చుక్క ముట్టని ఆ మనిషి తూలుతున్నాడని జనం తాగుబోతును చేశారు. జనానికి అంతకంటే తెలివి ఎక్కడిది?

పెద్దాసుపత్రిలో చూపు నిలబెట్టే మందు మీద ప్రయోగం మొదలైంది. ఆమెలో చెడిన జన్యువు ఏదో ఖాయంగా తేలితేనే అందులో చోటు. అది తేలాలంటే తోబుట్టువు రక్తం కూడా కావాలన్నారు, అదీ శనివారం లోపు. ఉన్న తోబుట్టువు ఒక్కడే. మూడుసార్లు అడిగించుకుని, మన వంశంలో అలాంటి రోగం లేదని పెదవి విరిచాడు. మరి నాన్న సంగతేమిటంటే, ఆయన తాగేవాడు కదా అన్నాడు కన్నకొడుకు.

గురువారం మధ్యాహ్నం, యూనిఫాం చొక్కా బిగుతైందని షాపుకొచ్చాడు. ఆమె గుమ్మం వైపే చూస్తోంది. మండుటెండలోంచి నీడలోకి వచ్చిన మనిషి టక్కున ఆగి, కుడికాలు మెల్లగా ముందుకు జరిపి గడపని తడిమాడు. ఎవరినీ నవ్వించడానికి కాదు. లోపల ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

ఆమె మంచినీళ్ల గ్లాసు తెచ్చి బల్లమీద అతని మోచేతి పక్కన పెట్టింది. చొక్కా పరచబోయి దాన్ని దొర్లించాడు.

"గ్లాసు ఇక్కడెవరు పెట్టారు?" అని కసిరాడు.

"ఎప్పటినుంచి, అన్నయ్యా?"

బుకాయించాడు. ఎండ అన్నాడు, నిద్ర చాలలేదన్నాడు. చివరికి గొంతు తగ్గించి బేరం పెట్టాడు. "రేపే వచ్చి రక్తం ఇస్తాను. నువ్వు మాత్రం ఎక్కడా నోరు విప్పకు."

ఆమె దేవులాడింది ఆ రక్తం కోసమే. అది దొరికితే ఇంకొన్నేళ్లు సుద్దగీత కనపడొచ్చు. నాలుగింటికి ఆ బస్సెక్కడానికి నలభైమంది పిల్లలు సిద్ధంగా ఉంటారు. ఆమెకి అన్న మీద కోపం కూడా రాలేదు, వట్టి అసహ్యం వేసింది.

"నేను నాటకాల రాణినే. కానీ పిల్లల్ని ఎక్కించుకుని నాటకమాడేంత గుండె నాకు లేదు. బస్సు తాళాలు బల్లమీద పెట్టు."

నీకిక ఒక్క చుక్క కూడా దక్కదని అరిచి, తాళాలు విసిరికొట్టాడు. అవి బల్ల దాటి ఎక్కడో కింద పడ్డాయి. మరుక్షణం బుద్ధి మారి, తీసుకుందామని తనే వంగాడు. ఆమె కూడా వంగింది. అన్నాచెల్లెళ్లిద్దరూ నేలంతా తడుముకున్నారు. ఆ విద్యలో ఆమెది చిన్నప్పటినుంచీ అనుభవం, ఆమెకే దొరికాయి. గుప్పిట బిగించి స్కూలుకి ఫోన్ చేసింది.

వెళ్లేటప్పుడు చెయ్యి అందిస్తే విదిలించుకున్నాడు. కాలు జరుపుకుంటూ, తడుముకుంటూ, తనంతట తనే గడప దాటాడు. ఆ నడక అతనికి చిన్నప్పుడే వచ్చు.