సబ్బు గోడ మీద అమ్మమ్మ

మా తాతయ్య గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. అక్షరాలు ముత్యాల్లా రాస్తాడు. చిక్కంతా బొమ్మల దగ్గరే. ఎదురుగా మనిషి కూర్చుంటే తప్ప ముఖం వెయ్యలేడు. కూర్చున్న మనిషి ఎలా ఉంటే అచ్చం అలాగే వేస్తాడు. మార్చమంటే చెయ్యి మొరాయిస్తుంది.

బట్టల సబ్బు కంపెనీ యజమాని ఒకరోజు బస్సులు ఆగే చోట పెద్ద గోడ చూపించాడు.

"నవ్వుతున్న ఇల్లాలు, చేతిలో మన సబ్బు. సబ్బు అమ్ముడైతే ఊళ్లో గోడలన్నీ మీవే పెద్దాయనా. లేకపోతే ఇక అన్నీ అచ్చు బ్యానర్లే."

తాతయ్య ఎక్కడా వెతకలేదు. ఇంట్లో ఉన్న ఇల్లాలినే పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"కాస్త నవ్వవే."

"ఎందుకట? నిన్ననే ఉతికిన చొక్కా! కాలరు మీద ఆకుపచ్చ, జేబు మీద ఎరుపు. చూసి మురిసిపోవాలా?"

"చొక్కా వదిలెయ్. నన్ను చూడు."

"మీరు దానికన్నా అధ్వానంగా ఉన్నారు."

నమూనా గీసుకున్నాడు, గోడకెక్కించాడు, నిచ్చెన దిగి వెనక్కి తిరిగి చూశాడు. రెండు నిలువుల ఎత్తు అమ్మమ్మ! కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, తాతయ్య కాలరు వైపే చూస్తోంది. నవ్వు దిద్దుదామని మళ్లీ నిచ్చెనెక్కాడు. ఆ కళ్లకెదురుగా కుంచె ఎత్తే ధైర్యం రాలేదు.

మర్నాడు టీ కొట్టు చాటున దాక్కుని చూశాడు. బస్సు దిగిన మొదటి మనిషి తలెత్తాడు, గబుక్కున కాలరు తడుముకున్నాడు. వెనకాల ఆఫీసు బాబు బ్యాగుతో చొక్కా మీది మరక కప్పుకున్నాడు. సాయంత్రానికి పక్క దుకాణంలో ఒక్క సబ్బూ మిగల్లేదు.

యజమాని పరుగున వచ్చాడు. "ఏం బొమ్మండీ! అచ్చం మా ఆవిడ నన్ను చూసినట్టే ఉంది. అన్ని గోడల మీదా ఈవిడే ఉండాలి!"

ఈలోగా కబురు అమ్మమ్మకి చేరింది. వచ్చి గోడ కింద నిలబడింది. పైనా అదే ముఖం, కిందా అదే ముఖం. బస్సు దిగినవాళ్లు గుండీలు పెట్టుకున్నారు.

"నేను ఇలా ఉంటానా?"

"అబ్బే, ఇక్కడ కాస్త తగ్గించాను."

"రెండో గోడ మీద నేను నవ్వాలి. అంతవరకు మీతో మాటల్లేవు."

ఈసారి ఇస్త్రీ చీర కట్టుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. బొమ్మ చక్కగా కుదిరింది. మాటలూ మళ్లీ మొదలయ్యాయి. వారం తిరక్కుండానే యజమాని ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"బొమ్మ బంగారంలా ఉందండీ. అందరూ చూసి, తామూ ఓ నవ్వు నవ్వేసి వెళ్లిపోతున్నారు, సబ్బు మాత్రం కొనట్లేదు. మూడో గోడకి అమ్మగారికి మళ్లీ కోపం వస్తుందంటారా?"

తాతయ్య ఎర్రరంగు కుంచె తీసి, అమ్మమ్మ పొద్దున్నే ఉతికి ఆరేసిన చొక్కాకి ఇటోసారి అటోసారి శుభ్రంగా తుడిచాడు. తర్వాత స్టూలు సర్ది, ఇంట్లోకి కేకేశాడు.

"ఏమేవ్, ఒక్కసారి ఇలా రా!"