మా ఇంట్లో లేని కోళ్ళు

మా ఇంట్లో ఏదీ ఉండదు. అంటే ఉంటుంది, ఉందని చెప్పం. సంతకు ముందురోజు కోళ్ళు కొనే షావుకారు దిగువనుంచి స్కూటర్ మీద వచ్చి కోళ్ళున్నాయా అని అడిగితే, కాళ్ళ దగ్గర నూకలు ఏరుకుంటున్న పెట్టను పక్కకు తోస్తూ మా అమ్మ, "ఏటున్నాయి బాబూ, ఏటీ నేవు" అంటుంది. ఆయన ఏళ్ళ తరబడి మా కొండలెక్కుతున్న మనిషి. తాపీగా అరుగు మీద కూర్చుని, "సర్లేయమ్మా, ఆ లేనివాట్లో ఎర్రదాన్ని పట్టు" అంటాడు. బేరం అక్కణ్ణుంచి మొదలవుతుంది.

పంట సంగతి ఇంకా గట్టిది. చేలో చోళ్ళు, మీరనే రాగులు, వెన్నేసిన దగ్గర్నుంచి, కొత్త పండగ చేసి కొండతల్లికి మొదటి ముద్ద పెట్టేదాకా, మాకు పంట ఉందని మా ఊళ్ళో ఎవరూ పైకి అనరు. అంటే తల్లి వింటుంది. నాకు పెట్టకముందే నీదెలా అయిందని వెనక్కి తీసేసుకుంటుంది. అందుకని ఆ నెలల్లో ఊరంతా కటిక దరిద్రంలో ఉంటుంది. ఎవడు ఎంత గట్టిగా లేదంటే వాడికంత బాగా పండిందని మేం అర్థం చేసుకుంటాం.

ఇలాంటి ఇంట్లోంచి మా అప్ప, అంటే మా అక్క, ఇంగ్లీషులో 'హ్యావ్' అనే మాట వాడడం నేర్చుకోవడానికి బయల్దేరింది.

మా ఊరికొచ్చే దారిలో కొత్తగా కట్టిన రిసార్టు రిసెప్షన్‌లో ఈ కొండల అమ్మాయినే పెట్టుకుంటామన్నారు. ఇంగ్లీషు రావాలి. ఆ ఉద్యోగం రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరూ అనలేదు గాని అందరికీ తెలుసు. సముద్రం పక్కన రొయ్యల కంపెనీ ఉంది. అమ్మాయిల్ని వ్యానులో తీసుకుపోయే మేస్త్రి అప్పటికే వచ్చి మా అరుగు మీద కూర్చుని వెళ్ళాడు. అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళ వేళ్ళు ఐసు నీళ్ళలో నాని తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. చలికి పేరుపడ్డ లంబసింగిలో కూడా అలాంటి వేళ్ళు నేను చూడలేదు.

క్లాసు బజారులో ఎరువుల కొట్టు మీది గదిలో. టిఫిన్ పెడతారని తెలిసి నేనూ చేరాను. కింద విజయనగరం వైపునుంచి వచ్చిన సారు మంచివాడే. పుస్తకంలో వాక్యాలు వద్దు, మీ ఇంట్లో ఏముందో అదే చెప్పండి, అప్పుడే మాట నోటికి పడుతుందన్నాడు. ఒక్కొక్కరం లేచి "ఐ హ్యావ్ ఎ..." అని ఆగిపోయాం. ఆవు గుర్తొచ్చింది, మేక గుర్తొచ్చింది, అనడానికి నోరు రాలేదు. సారు మా మొహాలు చూసి పాపం అనుకున్నట్టున్నాడు. మర్నాడు తలా ఒక పెన్ను కొని తెచ్చాడు. "ఐ హ్యావ్ ఎ పెన్" అని గది దద్దరిల్లేలా చెప్పాం. పెన్ను ఆయనది. పోతే ఆయనదే పోతుంది.

'ఐ డోంట్ హ్యావ్'లో మాత్రం మమ్మల్ని మించినవాళ్ళు లేరు. అప్ప పొయ్యి దగ్గర కూర్చుని పొద్దస్తమానం సాధన చేసేది. నాకు ఆవు లేదు, నాకు పొలం లేదు, నాకు తమ్ముడు లేడు. మూడోది సాధనలా అనిపించలేదు నాకు.

ఇంటర్వ్యూ నాటికి చోళ్ళు వెన్నులతో వంగి ఉన్నాయి, కాఫీ కాయ ఇంకా పచ్చిగానే ఉంది, కొత్త పండగ కాలేదు. నేను రిసార్టు వరండా మెట్ల మీద అప్ప గొడుగుకు కాపలా కూర్చున్నాను. కిటికీ తీసే ఉంది. లోపలి మేడమ్ మెల్లగా, మర్యాదగా మాట్లాడుతోంది. వచ్చే టూరిస్టులకు ఈ కొండల బతుకు గురించి చెప్పే మనిషి కావాలట వాళ్ళకు. మీకు కాఫీ తోట ఉందా అని ఇంగ్లీషులో అడిగింది.

"నో మేడమ్, ఐ డోంట్ హ్యావ్."

చేను? లేదు. పశువులు? లేవు. ఇంట్లో కోళ్ళయినా? లేవు. ఒక్క తప్పు లేదు. సారు వింటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. మేడమ్ కూడా దాదాపు ఆ స్థితికే వచ్చి, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి పంపింది.

వెనక్కి నడుస్తుంటే, ఉందని ఇంగ్లీషులో చెబితే ఏమయ్యేదని అడిగాను. మన తల్లికి తెలుగే అంతంత మాత్రం అన్నాను.

అప్ప నవ్వలేదు. "తెలిత్తేనో?" అంది. "నాకు ఉజ్జోగం రావాలని ఊరోళ్ళ సేనుకి దిష్టి తగిలించమంతావేటిరా?"

నేను బిస్కెట్లు తిన్నాను.

ఆ ఉద్యోగం బజారులో కొట్టున్న దిగువవాళ్ళమ్మాయికి వచ్చింది. తమకు పెద్ద కాఫీ తోట ఉందని చెప్పిందట. ఇప్పుడు మా ఆడవాళ్ళలా భుజం మీద చీర ముడేసుకుని, మెడలో పూసలేసుకుని, 'మా కొండలు' అంటుంది. బాగానే చెబుతుంది, నేను విన్నాను.

కొత్త పండగ నాటికి వ్యాను వచ్చింది. చోళ్ళు నిజంగానే బాగా పండాయి. తల్లి మాట నిలబెట్టుకుంది. ఆ ముద్ద తినడానికి అప్ప లేదు.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది. అమ్మ కోసం స్పీకర్ పెట్టి, నేను సరదాకి సారు గొంతుతో ఇంగ్లీషులో అడిగాను. డూ యూ హ్యావ్ ఫుడ్?

"ఐ హ్యావ్ ఫుడ్," అంది. ఆగకుండా ఇంకా చెప్పింది. ఐ హ్యావ్ ఎ రూమ్. ఐ హ్యావ్ ఎ ఫ్యాన్. ఐ హ్యావ్ ఫ్రెండ్స్. క్లాసులో ఒక్కరోజు కూడా రాని వాక్యాలు వరసగా వచ్చేశాయి.

"ఏటంతంది?" అని అమ్మ అడిగింది.

అన్నీ ఉన్నాయంటోందని చెప్పాను.

అమ్మ చేటలో చోళ్ళు చెరుగుతున్నది ఆపింది. "అయితే ఏటీ నేదా నా కూతురు గుంటకి," అంది.

ఫోన్‌లో కాసేపు మిషన్ల హోరు వినిపించి తెగిపోయింది. మేస్త్రితో ఒప్పుకున్న గడువు ఇంకా చాలా ఉంది. ఈలోగా పంపరు, మేం వెళ్ళినా గేటు తీయరు.

ఆ మధ్యాహ్నమే షావుకారు స్కూటర్ ఆపి కోళ్ళున్నాయా అని కేకేశాడు. అమ్మ తలెత్తకుండా, "ఉన్నాయి, పట్టుకుపో," అంది.

ఆయన అరుగు మీద కూర్చోబోయినవాడు కూర్చోలేదు. ఇంట్లో ఏం జరిగిందన్నట్టు నావంక చూశాడు. వాకిట్లో ఎర్రపెట్ట తిరుగుతూనే ఉంది. దాని వైపైనా చూడకుండా, తువ్వాలు భుజాన సర్దుకుని, స్కూటర్‌ను చప్పుడు కాకుండా కిందిదాకా తోసుకుంటూ వెళ్ళిపోయాడు.