సోలార్ పలకలకు దుప్పటి

ఆ ఆసుపత్రిలో కరెంటు పొదుపు చూసే ఆఫీసరుగారిని అందరూ ‘స్విచ్చుల సారు’ అంటారు. రోగి నెత్తిమీద ఫ్యాను తిరుగుతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది, టక్కున కట్టేస్తారు. తన గదిలో ఏసీ మాత్రం ఆయన లేకపోయినా నడుస్తూనే ఉంటుంది. పాపం, కుర్చీకి చెమట పడుతుంది కాబోలు! డాబా మీద సోలార్ పలకలు పెట్టించి, పెద్దాఫీసర్లు వచ్చి చూసేలోగా దుమ్ము పడకూడదని వాటి మీద నల్లటి టార్పాలిన్ కప్పించారు, మహానుభావులు.

మొన్న మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. అలాంటప్పుడు ఆ పలకలతో నడవాల్సిన టీకాల ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. పసిపిల్లల మందులు వేడెక్కిపోతాయని నర్సమ్మ డాబా మీదికి పరుగెత్తి టార్పాలిన్ పట్టుకుని లాగింది. సారు రొప్పుతూ వెనకే వచ్చారు. “అమ్మా తల్లీ, ఆగు! ఎల్లుండి ఫొటోలు తీస్తారు, మాసిపోతాయి!”

“ఎండ తగలకుండా అవెలా పనిచేస్తాయండీ? మీ బుర్రకి కూడా ఇదే కప్పారా ఏంటి?”

కింద ఫ్రిజ్ గుర్రుమంది. టీకాలు దక్కాయి. సారు ఆ టార్పాలిన్‌ను కొత్త చీరలా మడతపెట్టుకుంటూ అడిగారు: “అది సరేగానీ, వచ్చేటప్పుడు కింద ఫ్యాను స్విచ్చి కట్టేశావా?”