మా ఆయనకు నచ్చిన సంవత్సరీకం

ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో పిల్లకి ఫోను ఇవ్వకపోతే చదువు పోతుందనేవారు, ఇస్తే పిల్లే చేయి దాటిపోతుందనేవారు. లారీ మీద వెళ్ళిన మా ఆయన తిరిగి రాలేదు గానీ ఆయన ఫోను వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి చేతిలో అదే పెట్టి, నేను నిడదవోలులో రైసుమిల్లు పనికి పోయేదాన్ని. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని ఫోను వైపు కాదు, పిల్ల మొహం వైపు చూస్తూ కాపలా కాసేదాన్ని. (నవ్విందంటే పాఠం కాదని లెక్క.)

ఆయన సంవత్సరీకం నాడు విస్తట్లో పనసపొట్టు కూర దగ్గర్నుంచి ఆయనకిష్టమైనవన్నీ వడ్డించి పిట్టగోడ మీద పెట్టాం. కాకి ముడితేనే మేం తినాలి. కాకులేమో కొబ్బరిచెట్టు మీద కూర్చుని చూస్తున్నాయి తప్ప ఒక్కటీ దిగదు. అందరికీ ఆకలి. మా బావగారు పొద్దున్నే తమ్ముడి ఫొటోకి దండ వేసి, సంవత్సరీకమని రాసి ఫోనులో పెట్టారు. ఊసుపోక అది తీసి చూస్తూ చూస్తూ అరుగు మీంచి లేచి నిలబడిపోయారు. ఏంటా అని పక్కవాళ్ళు చూస్తే, ఆ ఫొటో కింద మా ఆయన పేరు మీంచే లైకు ఉంది; ఆయన సంవత్సరీకం ఆయనకే నచ్చిందట. ఎర్ర గుండె కూడా పెట్టారట.

మా అత్తగారి చెల్లెలు చెంపలేసుకుని, "వాడు ఫోన్లో కూర్చుంటే ఇంక కాకై ఎలా వస్తాడర్రా" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఈలోగా గుమ్మంలో ఫోను పట్టుకుని బిక్కమొహం వేసిన మా అమ్మాయి కనబడింది. తండ్రి పేరు మీదే అది ఫోనులో తిరుగుతోందని అప్పుడు తెలిసింది. బావగారు ఫోను లాక్కుని కాలవలో పారేస్తానన్నారు. పిల్లలకి ఇలాంటివి అందకుండా గవర్నమెంటే చట్టం చెయ్యాలన్నారు. "కన్నతల్లి చూసుకోవాలి గానీ గవర్నమెంటోళ్ళొచ్చి మీ గుమ్మంలో కూర్చుంటారేంటి?" అంది చిన్నత్తగారు. ఇద్దరూ నా వైపే చూశారు. ఆ ఫోను పోతే పిల్ల చదువూ పోతుంది, అందులో ఉన్న ఆయన గొంతూ పోతుంది.

"నాన్న పేరెందుకే, నీ పేరు పెట్టుకోక?" అన్నాను.

"వయసు ఎక్కువేసి ముందు నా పేరే పెట్టానమ్మా. ఆడపిల్ల పేరు చూడగానే ఎవరెవరో పిచ్చిరాతలు రాశారు. నాన్న పేరూ, మీసాల ఫొటో ఉంటే ఎవడూ రావట్లేదు."

బావగారు ఫోను కండువాతో తుడిచి దాని చేతికిచ్చి, "నాన్న దండ ఫొటోకి నాన్నచేత లైకు కొట్టించకమ్మా, జనం జడుసుకుంటారు" అన్నారు. ఆ గొడవలో కాకి ఎప్పుడు దిగిందో గానీ, విస్తరి సగం ఖాళీ అయింది.

ఆనాటి నుంచీ మిల్లు నుంచి రాగానే పిల్ల పక్కన కూలబడి, "మీ నాన్న ఇవాళ ఏం చూశాడే?" అని అడిగేదాన్ని. నువ్వేం చూశావని అడిగితే దాచేదేమో. తండ్రి పేరు చెబితే అన్నీ చెప్పేసేది.

ఇప్పుడది రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. ఫోనులో తన పేరు తనకుంది. నాన్నది తీసేద్దామా అని మొన్న అడిగితే, నాకేం తెలుసే, చదువురాని దాన్ని అన్నాను. ఆయన పోయిన సంగతి తెలియని లారీవాళ్ళెవరో పుట్టినరోజుకి నూరేళ్ళు చల్లగా ఉండమని రాస్తారు. అవి మా అమ్మాయి చదివి వినిపిస్తుంది. ఆయన తరపున "థాంక్సండి" అని పెట్టమంటాను. ఈ వయసులో నాకిదేం బుద్ధో.